మెడొక్కటే తనదంట

మా త్రివేణి పెళ్ళికి మండపం లేదు, బ్యాండు లేదు, హోమం పొగకి కళ్ళు నలుపుకోవడం లేదు. పొద్దున్నే గుళ్ళో తాళి కట్టించేసుకుని రెండు కుటుంబాలూ టాటానగర్ కదమాలో మా అక్క వాళ్ళ క్వార్టర్‌కి వచ్చేశాయి. "సింపుల్‌గా చేసుకుంటాం పిన్నీ, కోయీ టెన్షన్ నహీ" అని పెళ్ళికూతురూ, పెళ్ళికొడుకు సౌరభ్ కలిసి పెద్దవాళ్ళ నోళ్ళన్నీ ముందే కట్టేశారు. నా నోరు కూడా గట్టిగా కట్టేసి ఉంటే ఎంత బాగుండేదో.

నా పేరు చిలకమ్మ. త్రివేణి తల్లి పైడితల్లి నాకు సొంత అక్క. నేనుండేది ఇదే ఊళ్ళో జుగ్సలాయిలో, మా ఆయన అక్కడే ఒక గోడౌన్‌లో పని చేస్తాడు. ఈ ఊళ్ళో స్థిరపడిన శ్రీకాకుళం వాళ్ళ ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా నన్ను మరిచిపోకుండా పిలుస్తారు. నా మీద ప్రేమ కాదు, నా పాట కోసం. మగపెళ్ళివారు బంతిలో భోజనానికి కూర్చున్నప్పుడు ఆడపెళ్ళివారి తరఫు ఆడవాళ్ళు నిలబడి పెళ్ళికొడుకు తల్లిని ఆటపట్టిస్తూ పాడతారు కదా, ఆ వియ్యపురాలి పాటలు పాడడంలో నన్ను మించిన వాళ్ళు టాటానగర్ మొత్తంలో లేరని పేరు. నేను పాత పాటలు అప్పచెప్పను. వియ్యపురాలిని ఎగాదిగా చూసి, అక్కడికక్కడ కట్టి పాడతాను. ఆవిడ లావుగా ఉంటే ఒకటి, బక్కగా ఉంటే ఒకటి, ముక్కు పొడవైతే ఇంకొకటి.

ఈ పాటలకి ఒక్కటే నియమం. ఎవరి మీద పాడుతున్నారో ఆవిడ కోపం తెచ్చుకోకూడదు. చేతనైతే తిరిగి పాడాలి, చేతకాకపోతే నవ్వి ఊరుకోవాలి. కోపం వచ్చిందా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే అనుకుంటారు జనం. పాడేవాళ్ళకి మాత్రం ఏ నియమమూ లేదు. ఏమన్నా చెల్లిపోతుంది. మా అమ్మ నాకీ విద్య నేర్పినప్పుడు ఇందులో ఎంత సుఖం ఉందో అర్థం కాలేదు గానీ, నేర్చుకున్నాక బాగా రుచి మరిగాను.

ఆ రోజు ఎంత హాయిగా మొదలైందో చెప్తేగాని నేను చేసిన పని ఎలాంటిదో తెలియదు. మాఘమాసపు ఎండ వీపుకి వెచ్చగా తగులుతోంది. క్వార్టర్ల వెనక ఖాళీ జాగాలో జామచెట్టు నుంచి గోడ దాకా ఒక షామియానా కట్టారు, అంతే. కుర్చీలు అద్దెకి తేలేదు, ఇంటికి నాలుగు చొప్పున లైను మొత్తం మీద పోగు చేశారు. అందుకే ఎర్రవీ నీలంవీ, ఒక కాలు విరిగి ఇటుక మీద నిలబడ్డవీ అన్నీ ఉన్నాయి. ఆకులు సాక్చీ బజారు నుంచి తెచ్చారు. వంట మా బావ వెంకటరమణా, ఆయన మిల్లు స్నేహితులూ చేశారు. మిల్లులో రోజూ ఎర్రగా కాలే ఇనుము ముందు నిలబడే మనిషికి గాడిపొయ్యి ఒక లెక్కా! ఆవపెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, బూరెలు. పక్క క్వార్టర్ బీహారీ ఆవిడ తన వంతుగా టమాటా చట్నీ చేసి పెద్ద గిన్నెతో పట్టుకొచ్చింది. మిల్లులో పొద్దుటి షిఫ్ట్ దిగి వచ్చేవాళ్ళ కోసం బంతి కావాలనే ఆలస్యంగా వేశారు. వాళ్ళు హెల్మెట్లు జామకొమ్మలకి తగిలించి, చేతులు కడుక్కుని, నేరుగా ఆకుల ముందు కూర్చున్నారు.

త్రివేణి పట్టుచీర కింద కాన్వాసు బూట్లు వేసుకుని తిరుగుతోంది. సౌరభ్ కండువా నడుముకి చుట్టి, జగ్గు పట్టుకుని నీళ్ళు పోస్తున్నాడు. "ఏటి బాబూ, పెళ్ళికొడుకువి, కూకో" అని మా బావ అంటే, "పాపా, బైఠే బైఠే బోర్ హో గయా" అన్నాడు. అప్పుడే మామగారు కాస్తా పాపా అయిపోయాడు. మా బావ మొహం చూడాలి!

ఇక సౌరభ్ తల్లి సూరమ్మ. పర్లాకిమిడి వైపు వాళ్ళు, ఆదిత్యపూర్‌లో ఉంటారు. ఆవిడ భర్త కూర్మారావుకి అక్కడ రెండు లేత్ మిషన్ల చిన్న షెడ్డు ఉంది. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. వియ్యపురాలినన్న బిగువు బొత్తిగా లేదు. గుడి నుంచి రాగానే వంటింట్లోకి వచ్చి, మేం వద్దంటున్నా కూర్చుని కొబ్బరి కోరింది. "నా ఇంట్లో పెల్లే కదా వదినా" అంది నాతో. నాకు ఆవిడ నచ్చింది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచుతున్నాను, ఆవిడంటే నాకు ఏ కోపమూ లేదు.

కోపమంతా మా అక్క మీద.

బూరెలు వడ్డిస్తూ సూరమ్మ ఆకు ముందుకు వంగాను. "ఒకటి సాలు వదినా" అంటూ ఆవిడ చెయ్యి అడ్డం పెట్టబోతే పమిట కొంచెం తొలిగింది. మెడలో గుళ్ళపేరు. బంగారు గుండ్లు వరసగా గుచ్చిన పాతకాలపు నగ. ఇప్పుడు అలాంటివి ఎవరూ చేయించుకోరు. అది మా అమ్మది. చూడగానే తెలిసిపోయింది. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు ఆ గుండ్లు నోట్లో పెట్టుకుని కొరికేదాన్నట. ఒక గుండు మీద సొట్ట కూడా ఉంది, నా పాలపళ్ళదేనని అమ్మ అందరికీ చూపించి నవ్వేది. అమ్మ పోయేముందు దాన్ని పెద్దకూతురని అక్కకి ఇచ్చింది. నేనేమీ అనలేదు. కానీ మా గృహప్రవేశానికి ఒక్క పూట పెట్టుకుంటానని నేను అడిగితే, "ఒలే, లాకర్లో ఉన్నాదే, ఇయ్యాల కరమ్ పండగ, బేంకు సెలవు" అంది అక్క. మెడలో పల్చటి గొలుసుతో పాలు పొంగించాను. ఆ మాట నా కడుపులో అలాగే ఉండిపోయింది.

చెల్లెలికి ఇవ్వని నగ వియ్యపురాలి మెడలో వేలాడుతోంది! బూరెల పళ్ళెం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సూరమ్మ చటుక్కున పమిట సర్దుకుంది. నేను ముందుకి కదిలాను. ఆ తర్వాత ఎవరెవరికి ఎన్ని బూరెలు వేశానో నాకు గుర్తు లేదు.

సరిగ్గా అప్పుడే సౌరభ్ బాబాయి కూతురు బిందుప్రియ ఫోన్ పైకెత్తి అరిచింది. "చిలకా మౌసీ! వో గాలీ వాలా గానా, తిట్ల పాట! భాభీ చెప్పింది, మీరు సూపర్‌గా పాడతారంట!"

త్రివేణి చప్పట్లు కొట్టింది. "పిన్నీ, ప్లీజ్!"

పక్క క్వార్టర్ బీహారీ ఆవిడ కూడా లేచి వచ్చింది. వాళ్ళ పెళ్ళిళ్ళలోనూ ఇలా సమధిన్‌ని, అంటే వియ్యపురాలిని, తిడుతూ పాడతారట. "గాయియే గాయియే" అంటూ నా భుజం తట్టింది. మా అక్క వంటింటి గుమ్మంలో నెయ్యి గిన్నెతో నిలబడి మురిసిపోతూ నా వైపే చూస్తోంది. ఆ మురిపెం చూసేసరికి నాకు ఇంకా మండింది.

నేను కొంగు నడుముకి దోపుకుని మొదలుపెట్టాను.

"వచ్చింది వచ్చింది వియ్యపురాలు
వంటిల్లు వెతికింది వియ్యపురాలు
బుట్టెడు బూరెలు బొక్కిందమ్మా
బుగ్గలే సాక్ష్యము చూడండమ్మా!"

ఒకటి చాలన్న సూరమ్మ సన్నటి బుగ్గలు చూసి అందరూ గొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. కూర్మారావు కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వి, "అస్సలు కరెట్టుగా సెప్పేవమ్మా" అన్నాడు. అక్కడితో ఆపవచ్చు. ఎవరూ ఇంకా కావాలని బలవంతం చెయ్యలేదు. నేను గుమ్మంలో ఉన్న అక్క వైపు తిరిగి, ఆవిడ కళ్ళలోకే చూస్తూ రెండో చరణం అందుకున్నాను.

"మెడ నిండ సొమ్ములే మెరిసేనమ్మా
మెరుపు చూసి మీరు మురిసేరమ్మా
మెడొక్కటే తనదంట వియ్యపురాలికి
మిగతాది అరువంట వియ్యపురాలికి!"

షామియానా ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. షిఫ్ట్ దిగి వచ్చినవాళ్ళు ఆకుల పక్కన నేల మీద చరిచారు. తెలుగు రాని వాళ్ళకి త్రివేణి హిందీలో చెప్పింది. దాంతో నవ్వు ఇంకో విడత లేచింది. "మెడొక్కటే తనదంట" అని పిల్లలు అప్పుడే పాటెత్తుకున్నారు. నేను కట్టిన చరణాలన్నిటిలోకీ అదే బాగా పేలింది. సిగ్గులేని మాట ఒకటి చెప్తాను, ఆ క్షణంలో నాకు గర్వంగా కూడా అనిపించింది.

అక్క చేతిలో నెయ్యి గిన్నె ఒరిగి ధార నేల మీద పడింది. నేను సూరమ్మ వైపు చూశాను. ఆవిడ నవ్వుతోంది. అందరూ మొదలుపెట్టాక ఒక్క క్షణం ఆలస్యంగా మొదలుపెట్టింది, అందరూ ఆపాక కూడా నవ్వుతూనే ఉంది. ఎడమచేత్తో పమిట మెడ చుట్టూ కప్పుకుని, అది జారకుండా పట్టుకుంది. కుడిచెయ్యి అన్నంలో అలాగే ఉండిపోయింది. ముద్ద కలపలేదు, నోట పెట్టలేదు. బంతి మధ్యలో లేస్తే అందరికీ తెలిసిపోతుందని, ఆఖరి మనిషి మజ్జిగన్నం తినేదాకా అలా ఎంగిలి చేత్తోనే కూర్చుంది. అందరితో పాటు లేచి, చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళింది.

అప్పటిదాకా నాకు తట్టలేదు, ఆవిడకి నేనేం చేశానో. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదేనని ఆ అన్నం అలా వదిలేసిన ఆకు చూసినప్పుడు తెలిసింది.

ఖాళీ మజ్జిగ గిన్నె పెట్టడానికి లోపలికి వెళ్ళాను. వెనక గది తలుపుకి గడియ లేదు, కర్టెన్ ఒక్కటే. లోపల సూరమ్మ గొంతు వినబడింది.

"నాను అడగనేదు వదినా. నువ్వే ఇచ్చేవు. మా ఇంటికొచ్చినపుడు నాను గిల్టు గొలుసుకి మెరుగు పెట్టుకుంతంటే సూసి, నువ్వే తెచ్చి ఇచ్చేవు. షెడ్డుకి ఆర్డర్లు నేక నా సొమ్ము బేంకులో తాకట్టు ఉన్నాదని నీకొకర్తెవికే సెప్పుకున్నాను. సౌరభ్‌కి కూడా తెల్దు."

"నా కూతురు మీద ఒట్టు వదినా," అక్క ఏడుస్తోంది. "నాను ఎవులికీ సెప్పనేదు. మీ అన్నయ్యకి కూడా సెప్పనేదు."

"మరి పాటలోకి ఎలగొచ్చింది? మీ సెల్లి పాడినపుడు నీకేసే సూసి పాడింది. నాను సూడనేదనుకున్నావా?"

మెత్తగా గుండ్లు రాసుకున్న చప్పుడైంది. సూరమ్మ గుళ్ళపేరు తీసి అక్క చేతిలో పెడుతోంది.

"ఇంద. నా కోడలు రేపు నా ఇంట్లో ఉంతాది. ఏ పూట ఏటి వండుకున్నామో, ఏటి నేదో, అన్నీ ఇక్కడ పాటలైపోతాయి కావాల. నాను త్రివేణికి ఏటీ సెప్పను, భయపడకు. కానీ ఇంక నీతో ఏదీ సెప్పుకోలేను వదినా."

నేను కుడితిలో పడ్డ ఎలుకలా గిన్నె పట్టుకుని వంటింట్లోకి పారిపోయాను. కాసేపటికి అక్క వచ్చింది. గుళ్ళపేరు కొంగులో చుట్టుకుని ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఒలే చిలకా, పెద్ద తప్పైపోనాదే. నీకు తెల్దు గానీ, ఆవిడ మెల్లో ఉన్నది అమ్మ గుళ్ళపేరే. నానే ఇచ్చేను. నువ్వు ఎప్పట్లాగే ఊరికే పాడేవు. అది ఎల్లి సరిగ్గా ఆడే తగిలింది. నానే నీకు సెప్పేనని అనుకుంతంది."

నేను నేల వైపు చూశాను.

"నువ్వెల్లి సెప్పవే. నీకేటీ తెల్దని సెప్పు. ప్రతి పెల్లిలోనూ ఇలగే పాడతానని సెప్పు. నీ మాటయితే నమ్ముద్ది. నేకపోతే నా కూతురు ఆ ఇంట్లో ఎలగ బతుకుద్దే?"

అక్కకి నా మీద రవ్వంత అనుమానం లేదు. నా చెల్లెలు అంత పని చేస్తుందన్న ఊహే ఆవిడ బుర్రలోకి రాలేదు. గృహప్రవేశం నాటి మాట నేను కడుపులో దాచుకున్నానని కూడా ఆవిడకి తెలియదు. బేంకు సెలవంది, సెలవే అయి ఉంటుంది. ఆ రోజు నిజంగానే కరమ్ పండగ. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా ఆ మాట నిజమేమోనని నేను అనుకోలేదు.

ఇప్పుడైనా అక్కకి చెప్పవచ్చు. చెప్పలేదు. "సరే, ఎల్తాను," అన్నాను.

సూరమ్మ క్వార్టర్ పక్క సందులో, నీళ్ళ ట్యాంకు దగ్గర ఒక్కతీ నిలబడి ఉంది. మెడ నిండా పమిట చుట్టుకుంది. బయట పిల్లలు ఇంకా నా చరణమే పాడుతున్నారు, అది ఇక్కడిదాకా వినబడుతోంది. దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"వదినా, మా అక్క ఏడుత్తంది. నాను పాడింది ఊరికే. అన్ని పెల్లిల్లలోనూ అదే పాడతాను. అక్క నాకేటీ సెప్పనేదు."

ఈ చివరి మాట నిజం. దాన్ని ముందు పెట్టుకుని దాని వెనక నక్కి కూర్చున్నాను.

సూరమ్మ నా మొహంలోకి చూసింది. "నీకు తెల్దా వదినా? నా మెల్లోది ఎవులిదో నిజంగా నీకు తెల్దా?"

"తెల్దు," అన్నాను. ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. "మా అమ్మ మీద ఒట్టు."

ఏ అమ్మ మీద ఒట్టు పెట్టాను! ఆ గుళ్ళపేరు మెడలో వేసుకుని నాకు పాలిచ్చిన అమ్మ మీద.

సూరమ్మ రెండు చేతుల్లో మొహం దాచుకుంది. కొంచెంసేపటికి చేతులు తీసి, కళ్ళు తుడుచుకుని, నన్ను దగ్గరికి లాక్కుంది. "నా బుద్దే మంచిది కాదు వదినా. సేతిలో డబ్బు నేనితనం మనిసిని ఇలగ సేసేత్తాది. ఎవులు నవ్వినా నన్నేనని అనిపిత్తాది. అంత మంచి మనిసిని పట్టుకుని ఎన్నెన్ని మాటలనేసినాను." ఆవిడ ఎముకల చేతులు నా వీపు నిమురుతుంటే నాకు అక్కడే నేలలోకి కుంగిపోవాలనిపించింది. తేలు కుట్టిన దొంగ అరవలేడు. నేనూ అరవలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి అక్కని పట్టుకుని ఏడ్చింది. అక్క ఆవిడని పట్టుకుని ఏడ్చింది. అక్క కొంగులోంచి గుళ్ళపేరు తీసి తనే ఆవిడ మెడలో వేసి, వెనక కొక్కెం తగిలించింది. ఇద్దరూ చేతులు పట్టుకుని బయటికొచ్చేసరికి, అప్పగింతల బెంగ అనుకుని అందరూ జాలిగా చూశారు. కూర్మారావు, మా బావ తమలపాకులు నములుతూ లేత్ మిషన్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఎండ జామచెట్టు దాటి గోడ మీదికి వెళ్ళింది. ఎవరికీ ఏమీ తెలియలేదు, పెళ్ళి చక్కగా జరిగిపోతోంది.

అందరూ ఫొటోకి రమ్మని సౌరభ్ కేక వేశాడు. ఫొటోగ్రాఫర్ కూడా లేడు. షిఫ్ట్ దిగి వచ్చిన బలరామ్ అనే కుర్రాడు, సౌరభ్ స్నేహితుడు, కెమెరా పట్టుకున్నాడు. నేను వెనక వరసలో ఎవరి వెనకైనా దూరిపోదామని చూస్తుంటే సూరమ్మ నన్ను చెయ్యి పట్టి ముందుకి లాగింది.

"ఆగండి, ఆగండి," అంది నలుగురికీ వినబడేలా. పొద్దుటి నుంచి ఆవిడ గొంతు అంత పైకి లేవడం అదే మొదటిసారి. "చిలకొదినా, ఆ పాట ఇంకోపాలి పాడు. ఇందాక నాను సరిగ్గా నవ్వనేదు. ఇపుడు నవ్వుతాను."

"మౌసీ! మౌసీ!" అని పిల్లలంతా చప్పట్లు అందుకున్నారు. బిందుప్రియ ఫోన్ నా మొహానికి దగ్గరగా పెట్టింది. సూరమ్మ పమిట సర్దుకుని, గుళ్ళపేరు అందరికీ కనబడేలా నిటారుగా నిలబడింది. అక్క రెండు చేతులూ జోడించి నా వైపు చూస్తోంది, ఎంత గండం గట్టెక్కించావే అన్నట్టు.

"మెడ నిండ..." అన్నాను. గొంతు పెగల్లేదు. మళ్ళీ ప్రయత్నించాను. ఈసారి ఆ మాత్రం కూడా రాలేదు. ఇన్ని పెళ్ళిళ్ళలో నా గొంతు నన్నెప్పుడూ వదిలేయలేదు.

"పిన్ని ఏడ్చేస్తోంది!" అంది త్రివేణి. కాన్వాసు బూట్లతో పరిగెత్తుకొచ్చి నన్ను చుట్టేసింది. "పిన్నీ, మై కహా దూర్ జా రహీ హూ? నది అవతలే కదా, ఆదిత్యపూర్!" అందరూ అయ్యో పాపం అన్నారు. సూరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి పక్కనే నిలబెట్టుకుంది. పాట పోయి ఫొటో హడావిడి మొదలైంది. బలరామ్ అందరినీ దగ్గరకి జరగమంటున్నాడు.

ఆ సందడిలో సూరమ్మ నా చెవి దగ్గర చెప్పింది. "వదినా, నాకు అక్కసెల్లెల్లు నేరు. ఇయ్యాల నువ్వు దొరికేవు. ఇంక ఏ కట్టమొచ్చినా, సుకమొచ్చినా నీతోనే సెప్పుకుంతాను. నీ నోటంట ఏదీ దాటదని తెలిసింది."

ఆ మాట నేను మోయలేకపోయాను. ఇంకెవరన్నా అని ఉంటే మోసేదాన్నేమో. నా నోటిని నమ్మి ఆవిడ ఇల్లు నా చేతిలో పెడుతోంది.

"అబద్దం ఆడేను వదినా," అన్నాను. తల తిప్పలేదు, కెమెరా వైపే చూస్తున్నాను. "అది మా అమ్మదని నాకు తెలుసు. బూరె వడ్డించినపుడే సూసేను. మా అక్క నాకివ్వనేదని కుళ్ళుతో పాడేను. మా అక్కకి ఏ పాపమూ తెల్దు. అంతా నానే."

భుజం మీద ఆవిడ చెయ్యి బిగుసుకుంది. ఊపిరి ఒకసారి లోపలికి పీల్చుకోవడం వినబడింది. తీసేస్తుందనుకున్నాను ఆ చేతిని. పక్కకి జరుగుతుందనుకున్నాను, మెడలోది లాగి నా మొహాన కొడుతుందనుకున్నాను, కొట్టినా నోరెత్తేదాన్ని కాదు. మా ముందు కుర్చీలో కూర్చున్న అక్క అప్పుడే వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసింది. కడుపు నిండినట్టు నవ్వింది.

"సబ్ లోగ్ స్మైల్!" అన్నాడు బలరామ్.

సూరమ్మ పెదవులు విచ్చుకునే ఉన్నాయి. మాట మాత్రం పళ్ళ మధ్య నుంచి, నాకొక్కదానికే వినబడేలా వచ్చింది.

"నవ్వు వదినా. మీ అక్క సూత్తంది."

నేను నవ్వాను.